దుబాసీ నోట సవర మాట: సరిహద్దు పరిశీలకుల రచనలు, గిడుగు రామమూర్తి సవర కృషి – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

పందొమ్మిదో శతాబ్దంలో కొండజాతుల జీవితాన్ని గురించి అధికారులు రాసిన రచనలలో చాలా భాగం దుబాసీల నోటి మీదుగా వచ్చిన సమాచారమే. రాసినవారి పేర్లు చరిత్రకెక్కాయి. మధ్యలో మాట మార్చి అందించిన వారి ప్రమేయం మాత్రం విమర్శ దృష్టికి రాలేదు. గంజాం–విశాఖపట్నం మన్యంలోని సవరల విషయంలో ఈ మధ్యవర్తిత్వం ఎలా పనిచేసిందో పరిశీలించి, గిడుగు వెంకట రామమూర్తి సవర భాషాకృషిని ఆ నేపథ్యంలో అంచనా వేయడం ఈ వ్యాసం ఉద్దేశం. గిడుగు దుబాసీని తొలగించలేదు, దుబాసీకి శిష్యుడయ్యాడు అన్నది ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: సవర, దుబాసీ, గిడుగు రామమూర్తి, పర్లాకిమిడి, కుడన్, ఎల్విన్, అపాచీ

ఉపోద్ఘాతం

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవ సభలలో గిడుగు వ్యావహారిక భాషోద్యమాన్ని గురించి గంటల తరబడి ప్రసంగాలు సాగుతాయి. ఆయన సవర కృషికి దక్కేది ఒకటి రెండు వాక్యాలు. ‘సవరలకు లిపి కూర్చాడు, బడులు పెట్టాడు, నిఘంటువులు రాశాడు’ అనే ఆ వాక్యాలు సాహిత్య చరిత్ర గ్రంథాలలోనూ దాదాపు అదే రూపంలో కనిపిస్తాయి. సవర కృషిని ఒక మహానుభావుడి దయాగుణానికి ఉదాహరణగా చూపి వదిలేయడం తెలుగు విమర్శకు అలవాటైపోయింది. ఆ అలవాటు వల్ల ఒక ముఖ్యమైన ప్రశ్న మరుగున పడింది: సవరలను గురించి అప్పటివరకు లోకానికి తెలిసినది ఎవరి నోటి మీదుగా తెలిసింది? గిడుగు ఆ మార్గంలో ఏ మార్పు తెచ్చాడు?

ఎచ్చెర్లలోని డా. బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం పరిసరాలలో ఈ ప్రశ్నకు స్థానిక ప్రాధాన్యం కూడా ఉంది. గిడుగు పుట్టిన పర్వతాలపేట శ్రీముఖలింగ క్షేత్రానికి సమీప గ్రామం. ఆయన పాఠాలు చెప్పిన పర్లాకిమిడి నేడు ఒడిశాలో ఉన్నా రాష్ట్ర సరిహద్దును ఆనుకునే ఉంది. సవర గూడేలు విస్తారంగా ఉన్న సీతంపేట 2022 వరకు శ్రీకాకుళం జిల్లాలో భాగం. జిల్లాల పునర్విభజనలో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. పరిశోధకుడికి క్షేత్రం ఇంత దగ్గరగా ఉన్న సందర్భాలు అరుదు.

రెండు మలుపులు తిరిగిన మాట

సవర ముండా భాష, అంటే ఆస్ట్రో-ఏషియాటిక్ కుటుంబానికి చెందినది. ద్రావిడ భాష అయిన తెలుగుతో గాని, ఇండో-ఆర్య భాష అయిన ఒడియాతో గాని దానికి పుట్టుక సంబంధం లేదు. కొండ దిగి సంతకు వచ్చిన సవరకు కొంత తెలుగో ఒడియావో వచ్చేది. కొండ ఎక్కిన అధికారికి మాత్రం సవర వచ్చేది కాదు. ఈ అసమానత్వం నుంచే మధ్యవర్తుల వ్యవస్థ పుట్టింది. కనుమల కాపలా బాధ్యత గల బిసోయిలు, వారి కింది పాయకులు, గూడేల అంచున నివసిస్తూ వ్యాపారమూ వడ్డీ లావాదేవీలూ సాగించిన పాణోలు, గ్రామానికి వచ్చిన అధికారి మాటను ఊరికీ ఊరి మాటను అధికారికీ చేరవేసిన బారికి – వీరందరూ ఏదో ఒక మేరకు దుబాసీలే. సవర చెప్పిన మాట వీరి నోట ఒడియాగానో తెలుగుగానో మారేది. కచేరీకి చేరాక గుమాస్తా చేతిలో ఇంగ్లీషు అయ్యేది. రెండు మలుపులు తిరిగాక గాని ఆ మాట కాగితం మీదికి వచ్చేది కాదు.

ఇటువంటి ఏర్పాటు ఈ మన్యానికే ప్రత్యేకం కాదు. అమెరికా నైరుతి సరిహద్దులో అపాచీలతో సైన్యం జరిపిన సంప్రదింపులలో అపాచీ మాట మొదట స్పానిష్‌లోకి, తర్వాత ఇంగ్లీషులోకి మారడం పరిపాటి. 1886 మార్చిలో జనరల్ క్రూక్‌కూ జెరోనిమోకూ మధ్య కాన్యన్ దె లోస్ ఎంబూదోస్ వద్ద జరిగిన చర్చలను కెప్టెన్ జాన్ బోర్క్ శ్రద్ధగా రాసిపెట్టాడు. చరిత్రకారులు ఆ ప్రతిని జెరోనిమో మాటలుగానే ఉదాహరిస్తారు. అది నిజానికి మూడో భాషలోకి చేరిన మాట. ఆ చర్చలలో జెరోనిమో ముందు సంవత్సరం తాను రిజర్వేషను విడిచి పారిపోవడానికి కారణాలు చెబుతూ, తనకు వ్యతిరేకంగా మాట్లాడిన వారిలో మిక్కీ ఫ్రీని ఒకడిగా పేర్కొన్నాడు. మిక్కీ ఫ్రీ సైన్యపు దుబాసీ. 1861లో అపాచీలు ఎత్తుకుపోయిన బాలుడు అతడు. ఆ అపహరణే కోచీస్‌తో సైన్యానికి దీర్ఘకాల వైరాన్ని రగిల్చింది. రెండు లోకాల నడుమ పెరిగినవాడిని సైన్యం నమ్మక తప్పలేదు, అపాచీ నమ్మలేకపోయాడు. అపాచీ వైద్యులను గురించి 1892లో వెలువడిన బోర్క్ రచనను గాని, ఆ కాలపు మరే సైనికాధికారి రచనను గాని చదివేటప్పుడు ఆ పుటల వెనుక ఇటువంటి దుబాసీ ఒకడు నిలబడి ఉన్నాడని గుర్తుంచుకోవలసి ఉంటుంది.

పొట్టాసింగి

సవర మన్యంలో ఇటువంటి మధ్యవర్తిత్వానికి పడిన మూల్యం 1864 నాటి పొట్టాసింగి ఉదంతంలో కనిపిస్తుంది. నాటి విశాఖపట్నం జిల్లా గుణుపురం తాలూకాలోని పొట్టాసింగి పోలీసులు ఒక సవర పెద్దను అక్రమంగా నిర్బంధించారు. సవరలు అతడిని విడిపించుకున్నారు. ఆ పెనుగులాటలో ఇన్‌స్పెక్టర్‌నూ నలుగురు కానిస్టేబుళ్లనూ చంపి, స్టేషనును తగలబెట్టారు. తర్వాత ఇరవై నలుగురు పట్టుబడ్డారు. తొమ్మిదిమందికి యావజ్జీవ ద్వీపాంతరవాసం, అయిదుగురికి ఉరిశిక్ష పడ్డాయి. ఘాటు దిగువన ఉన్న జల్తేరులో ఆ అయిదుగురినీ ఉరితీశారు.

జిల్లా గెజిటీరు ఈ ఉదంతాన్ని కొన్ని వాక్యాలలో ముగిస్తుంది. నిర్బంధం అక్రమమని పాలకుల కథనమే అంగీకరిస్తుంది. ఆ మేరకు అది నిజాయితీ గల కథనం. అయినా ఆ పెద్ద ఏమన్నాడో, విడిపించడానికి వెళ్లినవారు ఠాణా ముందు ఏమని అడిగారో అందులో లేదు. పోలీసు మాట సవరకు ఏ రూపంలో చేరిందో, సవర మాట పోలీసుకు ఏ రూపంలో అందిందో కూడా లేదు. అయిదు ప్రాణాలు పోయిన కేసులో నిందితుల సొంత భాషలో ఒక్క మాటైనా ఆ కథనంలోకి రాలేదు. గెజిటీరు శైలికి అది సహజమే అనవచ్చు. కానీ ఆ తర్వాత సవరలను గురించి వెలువడిన వర్ణనలు కూడా అదే శైలిని కొనసాగించాయన్నది గమనించదగ్గ విషయం.

ఎఫ్. ఫాసెట్ 1888లో బొంబాయి మానవశాస్త్ర సంఘం పత్రికలో సవరలపై రాసిన దీర్ఘవ్యాసం ఈ వరుసలో మొదట చెప్పుకోదగినది. ఆయన పోలీసు అధికారి. సవరల ఇళ్లు, వేషం, వ్యవసాయం, పెళ్లి, చావు, బలులు, కుడన్ అనే పూజారి–వైద్యుడు – అన్నింటినీ సావకాశంగా వర్ణించాడు. పోలీసు కన్ను పోలీసు కన్నే. కంటికి కనిపించే వాటిని ఆ కన్ను పట్టుకున్నంత నిశితంగా తర్వాతి వారెందరో పట్టుకోలేకపోయారు. అయితే ఆ వర్ణనలో సవరలు చేస్తూ కనిపించినంతగా మాట్లాడుతూ వినిపించరు. పరాయి భాషలో జరిగే క్రతువును చూసేవాడికి క్రియలు కనిపిస్తాయి, కారణాలు మాత్రం ఎవరో చెప్పాలి. ఆ చెప్పేవాడు ఎవరన్నదే విమర్శకు కావలసిన ప్రశ్న.

దీనికి ముందు తెలుగు కావ్యలోకం చేసినది ఇంకా సులువైన పని. శబరులనూ శబరకాంతలనూ వర్ణించిన కవులు వారిచేత చక్కని తెలుగు పద్యాలు చెప్పించారు. రాముడికి పళ్లు పెట్టిన శబరి ఏ భాషలో ఆహ్వానించి ఉంటుందన్న సందేహం సంప్రదాయానికి కలగలేదు.

దుబాసీకి శిష్యరికం

గిడుగు 1880లో పర్లాకిమిడి చేరి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యాడు. ఊరికి వచ్చే సవరలు ఆయన కంట పడ్డారు. వారి భాష నేర్చుకోవాలన్న కోరికతో తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకొని నేర్చుకోవడం మొదలుపెట్టాడన్నది గిడుగు జీవిత చరిత్రలన్నీ చెప్పే విషయం. అందరూ చెప్పినా దీని అర్థాన్ని ఎవరూ ఆగి పరిశీలించలేదు. తెలుగు వచ్చిన సవర అంటే దుబాసీ. కచేరీలలో నిలబడి ఇటు మాట అటు చేరవేయగల మనిషి. పాలకవ్యవస్థ అటువంటి మనిషిని సాధనంగా వాడుకుంది, గిడుగు అతడిని గురువుగా స్వీకరించాడు. అధికారి దుబాసీని ‘అతడేమంటున్నాడు?’ అని అడుగుతాడు. గిడుగు అడిగినది ‘నీవు ఎలా అంటావు?’ అని. మొదటి ప్రశ్నకు అర్థం వస్తే చాలు. రెండో ప్రశ్నకు ధ్వని, రూపం, క్రమం అన్నీ కావాలి. అర్థం మాత్రమే తీసుకొని మాటను పారేసే పద్ధతి నుంచి మాటను మాటగా నిలిపే పద్ధతికి మార్పు ఇక్కడ మొదలైంది.

ఆ మార్పు ఎంత దూరం తీసుకుపోయిందో ఒక్క ఉదాహరణతో తెలుస్తుంది. సవరలో పులిని ‘కినా’ అంటారు. పట్టుకోవడానికి ధాతువు ‘ఞమ్’. ‘పులిని పట్టుకుంటాను’ అనడానికి ‘ఞమ్‌కిద్‌తెనాయ్’ అనే ఒక్క క్రియాపదం చాలు. ఇందులో ‘కిద్’ అన్నది ‘కినా’కు సమాసరూపం. సవర నామాలలో చాలావాటికి విడిగా నిలిచే నిండు రూపం ఒకటి, క్రియలోనో మరో నామంలోనో ఇమిడేటప్పుడు వాడే పొట్టి రూపం ఒకటి ఉంటాయి. ఆ పొట్టి రూపం క్రియలో దూరినప్పుడు పులి కర్మకారకంగా బయట నిలబడదు, క్రియలో భాగమైపోతుంది. తెలుగులో ‘కన్నుమూశాడు’ అన్నప్పుడు కన్ను విడి వస్తువుగా స్ఫురించని స్థితితో దీన్ని కొంతవరకు పోల్చవచ్చు. తెలుగులో అది కొన్ని పలుకుబడులకే పరిమితం, సవరలో అది జీవంతో నడిచే వ్యాకరణ ప్రక్రియ. ఒడియా దుబాసీ దీన్ని కర్త, కర్మ, క్రియలుగా విడగొట్టి చెప్పక తప్పదు. అతడు తప్పు చెప్పినట్లు కాదు, విషయం అందుతుంది. సవర దాన్ని ఎలా అన్నాడన్నది మాత్రం మొదటి మలుపులోనే రాలిపోతుంది. మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం నుంచి 1931లో వెలువడిన గిడుగు ఆంగ్ల సవర వ్యాకరణం ఈ ప్రక్రియను నమోదు చేసింది. నామసంయోగాన్ని చర్చించే ప్రపంచ భాషాశాస్త్రజ్ఞులు నేటికీ సవర ఉదాహరణల కోసం ఆ గ్రంథాన్ని ఆశ్రయిస్తున్నారు. తెలుగు శాఖలలో దాన్ని తెరిచి చూసేవారు అరుదు.

వ్యావహారిక వాదానికీ దీనికీ గల సంబంధాన్ని కూడా తిరగేసి చదవవలసి ఉంది. గిడుగు తెలుగు వాడుకభాష కోసం ఉద్యమించడం 1906 ప్రాంతంలో మొదలైంది. అప్పటికే ఏళ్ల తరబడి ఆయన గ్రంథాలు లేని, పండితులు లేని, ప్రామాణిక నిఘంటువు లేని ఒక భాషతో కాపురం చేస్తున్నాడు. ఆ భాషలో నియమం ఉంది, క్రమం ఉంది. ఇంత సంక్లిష్టమైన నియమాన్ని పసిపిల్లలు కూడా తప్పకుండా పాటిస్తున్నారు. రాత లేకపోతే వ్యాకరణం లేదన్న వాదం ఆ అనుభవం ముందు నిలవదు. ఉద్యమకారుడైన గిడుగు తీరిక వేళ సవర నేర్చుకున్నాడని అనుకోవడం కంటె, సవర నేర్చుకున్న గిడుగు తెలుగు పండితుల వాదాన్ని అంగీకరించలేకపోయాడని అనుకోవడమే కాలక్రమానికి దగ్గరగా ఉంటుంది.

ఈ కృషికి ఆయన చెల్లించిన మూల్యం శరీరానికి సంబంధించినది. సవర కొండల మలేరియా సోకి, క్వినైన్ వాడకం వల్ల వినికిడి దెబ్బతిన్నది. సవర ధ్వనులలోని కంఠమూలీయ స్పర్శం వంటి సూక్ష్మాలను గుర్తించవలసిన మనిషికి చెవి పోవడం ఎంత నష్టమో వివరించనవసరం లేదు. కుమారుడు గిడుగు వెంకట సీతాపతి ఈ రంగంలోకి రావడాన్ని ఆ నేపథ్యంలోనూ చూడవచ్చు.

పరిమితులు

గిడుగు కృషిని ఇలా అంచనా వేయడం దాన్ని నిర్దోషమని ప్రకటించడం కాదు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909 నాటి ఏడు సంపుటాల గ్రంథంలో సవరలపై రాసిన భాగానికి ఫాసెట్ వ్యాసంతో పాటు గిడుగు సమకూర్చిన విషయాలనూ వాడుకున్నాడు. అక్కడ గిడుగు స్వయంగా సమాచారం అందించే వాడి స్థానంలోకి వచ్చాడు. సవరకూ లోకానికీ మధ్య ఇప్పుడు ఆయనే దుబాసీ. తెగలు, ఉపతెగలు, ఆచారాలు అనే చట్రం థర్‌స్టన్‌ది; ఆ గడులలో నింపవలసిన వివరాలే గిడుగు నుంచి వచ్చాయి. భాషను భాషగా విన్న మనిషి కూడా ఇతరుల ప్రశ్నలకు జవాబు చెప్పేటప్పుడు ఆ ప్రశ్నల ఆకారంలోకే ఒదిగాడు.

రెండో పరిమితి ఇంకా ఇబ్బందికరమైనది. గిడుగుకు సవర నేర్పినవారి పేర్లు తెలుగు సాహిత్య చరిత్రకు తెలియవు. ‘ఒక సవర’ అని చెప్పి ముందుకు సాగడం చరిత్రకారులకు అలవాటైపోయింది. నలభై ఏళ్లకు దగ్గరైన ఆ సంభాషణలో ఒక వైపు మనిషికి విగ్రహాలు ఉన్నాయి, మరో వైపు మనిషికి పేరు కూడా దక్కలేదు. ఇందులో గిడుగు తప్పు కంటె తర్వాతివారి నిర్లక్ష్యమే ఎక్కువ.

సవరల సొంత దుబాసీ

సవర సమాజానికి దుబాసీ అనే భావన పరాయిది కాదు. కుడన్ చేసే పని అదే. మరణించినవారు కుడన్ నోట జీవించి ఉన్న బంధువులతో మాట్లాడతారు. బంధువులు వారిని ప్రశ్నిస్తారు, వాదిస్తారు, ఏడుస్తారు, బుజ్జగిస్తారు. రాళ్లు నిలిపి దున్నలను బలి ఇచ్చే ‘గువార్’ క్రతువు ఈ సుదీర్ఘ సంభాషణలో ఒక ఘట్టం. వెరియర్ ఎల్విన్ 1955లో ప్రచురించిన సవర మతగ్రంథం ఈ వ్యవస్థను విస్తారంగా వర్ణించింది. అయితే ఎల్విన్ దుబాసీల సాయంతోనే పనిచేశాడు. 1970ల నుంచి సవర నేర్చుకొని గూడేలలో నివసించిన పియర్స్ వైటెబ్‌స్కీ 1993 నాటి గ్రంథానికి ఆ మృతసంభాషణలనే వస్తువుగా తీసుకున్నాడు. ఎల్విన్ పుస్తకంలో క్రతువు ప్రధానం, వైటెబ్‌స్కీ పుస్తకంలో మాట ప్రధానం. ఈ భేదానికి రచయితల స్వభావాల కంటె భాషాజ్ఞానమే ముఖ్య కారణమని చెప్పవచ్చు. ఫాసెట్‌కూ గిడుగుకూ మధ్య ఉన్న భేదమే ఇక్కడ మరోసారి కనిపిస్తుంది.

ఈ ఇద్దరి రచనలలోనూ కనిపించే ఒక అంశం ప్రత్యేక పరిశీలనకు తగినది. స్త్రీ కుడన్‌కు పాతాళలోకంలో ఒక భర్త ఉంటాడు. అతడే ఆమెకు సహాయదేవత. ఆ పాతాళభర్త సవర కాడు. అతడు మైదానపు హిందువు, రాజవంశీకుడో అధికార హోదా గలవాడో అయి ఉంటాడు. కచేరీలో సవర మాటను మధ్యవర్తి నోటికి వదిలేయవలసి వచ్చిన చోటే, క్రతువులో సవర స్త్రీ మైదానపు అధికారాన్ని పెళ్లాడి తన నోట మాట్లాడిస్తుంది. ఎల్విన్ నమోదు చేసిన ‘సాహిబొసుమ్’ దీనికి తోడు: పర్యటనకు వచ్చే దొరలు కూడా ఒక దేవతగా మారి, ఊరి పొలిమేరలో కొయ్యబొమ్మలుగా నిలిచారు. దొర సవరను చూసి నోటుపుస్తకంలో రాసుకున్నాడు. సవర దొరను చూసి కొయ్యలో చెక్కి, ఇటు రావద్దని పొలిమేరలో నిలబెట్టాడు. పరిశీలన రెండు వైపుల నుంచీ జరిగింది. అపాచీలపైనా సవరలపైనా సరిహద్దు రచనలను చదివే విమర్శ సాధారణంగా ఒక వైపు పరిశీలనను మాత్రమే ఆధారంగా గుర్తిస్తుంది.

1936

మాట తర్వాత లిపి విషయంలోనూ ఇదే పోరు సాగింది. గిడుగు సవర పాఠాలను తెలుగు లిపిలో రాశాడు. కెనడియన్ బాప్టిస్టు మిషనరీలు రోమన్ లిపిని ప్రవేశపెట్టారు. ఏ లిపి వచ్చినా దాని వెంట ఒక మధ్యవర్తి వచ్చాడు. చదవడం నేర్చుకోవడమంటే ఆ మధ్యవర్తి లోకంలోకి అడుగుపెట్టడం.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అందులో చేరింది. అందుకు నిరసనగా గిడుగు అర్ధశతాబ్దం నివసించిన ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరాడు. 1940 జనవరి 22న మరణించాడు. సవర గూడేలను ఆ గీత రెండుగా చీల్చింది. గీతకు అటుపక్క గుణుపురం ప్రాంతంలో, ఆ ఏప్రిల్ గడిచి మూడు నెలలు కాకుండానే, జూన్ 18న మంగై గొమాంగో సవరకు సొరంగ్ సొంపెంగ్ అనే కొత్త లిపిని ప్రకటించాడు. ఆ అక్షరాలు దర్శనంలో లభించాయని అనుయాయుల విశ్వాసం. వాటిని దేవతలుగా పూజించే మతం కూడా ఏర్పడింది. తెలుగు, ఒడియా, రోమన్ లిపులలో దేనికీ లొంగని ఆ లిపిని భాషాశాస్త్రజ్ఞులు ఒక విచిత్రంగా పేర్కొని ఊరుకుంటారు. దాన్ని కుడన్ సంప్రదాయంలో ఉంచి చూస్తే విచిత్రమేమీ లేదు: అవతలి లోకం నుంచి మాట తెచ్చే పనిని ఒక సవర తన చేతిలోకి తీసుకున్నాడు, ఈసారి మాటకు బదులు అక్షరం తెచ్చాడు.

గీతకు ఇటుపక్క ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004లో ప్రారంభించిన మాతృభాషాధారిత బహుభాషా విద్యలోని ఎనిమిది గిరిజన భాషలలో సవర ఒకటి. ఆ వాచకాలకు తెలుగు లిపినే ఎంచుకున్నారు. సీతంపేట మన్యంలో ఒకటో తరగతి సవర పిల్లవాడు ‘కినా’ అనే మాటను తెలుగు అక్షరాలలో చదువుతాడు. అదే మాటను గుణుపురం వైపు పిల్లవాడు మరో లిపిలో చూస్తాడు, క్రైస్తవ కుటుంబపు పిల్లవాడు రోమన్ లిపిలో చూస్తాడు. ముగ్గురూ సంతలో కలిస్తే పులిని గురించి మాట్లాడుకోవడానికి వారికి దుబాసీ అక్కరలేదు. రాసి చూపుకోవాలంటే మాత్రం కావాలి.